గాలికి పిసినారితనం

గాలికి డబ్బులు తీసుకోడని మేస్త్రికి పేరు. పంక్చరు వేస్తే తీసుకునేవాడు, టైరు విప్పి బిగిస్తే తీసుకునేవాడు, వచ్చినవాడి చొక్కా ఇస్త్రీ నలగకుండా ఉంటే కాస్త ఎక్కువే తీసుకునేవాడు. ఆ విషయంలో ఆయన్ని ధర్మదాత అని ఎవరూ పొగడనక్కర్లేదు. గాలి మాత్రం ఊరికే. స్కూలు పిల్లల సైకిళ్లకీ, పాలవాడి బండికీ, అరిగిపోయిన టైర్లతో ఈడ్చుకొచ్చే పాత స్కూటర్లకీ ఎప్పుడడిగితే అప్పుడు కొట్టి పంపేవాడు. ఎవరైనా జేబులో చెయ్యి పెడితే కోపమొచ్చేది.

"గాలేమన్నా మా అబ్బ సొత్తా? పైవాడిచ్చింది. గొట్టం ఒక్కటే నాది, పో" అనేవాడు.

బస్ డిపో గోడని ఆనుకుని ఉండేది ఆ కొట్టు. ముందు రేకుల పందిరి, పందిరి కింద ఎర్రరంగు వెలిసిపోయిన కంప్రెసరు, పక్కన చిల్లులు వెతకడానికి నల్లటి నీళ్ల తొట్టి, గోడ మేకులకి వేలాడే పాత ట్యూబులు. వెనక ఒక్కటే గది. వంటా పడకా అన్నీ అందులోనే. కొట్టుకీ గదికీ మధ్య ఒక తలుపు. తలుపుకి ఇవతల రబ్బరు వాసన, అవతల కూర వాసన అని మేస్త్రి గొప్పగా చెప్పేవాడు గానీ, అది వట్టి గాలి మాట. రెండువైపులా రబ్బరు వాసనే.

ఆయన భార్యని అందరూ పంపమ్మ అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది, ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూడదు కూడా. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ కంప్రెసరు లేదు. ఒక గాలిపంపు ఉండేది. మేస్త్రి చక్రం బిగిస్తుంటే ఆమె నిలబడి పంపు కొట్టేది. మొదట్లో నాలుగు దెబ్బలకే చేతులు పడిపోయేవి. "చేతులతో కాదే, ఒంటితో కొట్టాలి. మోచేతులు వంచకు. బరువంతా కిందికి దిగాలి" అని ఆయనే నేర్పాడు. నేర్చుకుంది. తర్వాత తర్వాత ఆయన కంటే ఆమే బాగా కొట్టేది. బస్సు డ్రైవర్లు ఎగతాళికి పెట్టిన పేరు అలాగే స్థిరపడిపోయింది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ మానేసి చాలా కాలమైంది.

కంప్రెసరు వచ్చాక పంపు అటకెక్కింది. కంప్రెసరులో ఆమెకి బాగా నచ్చింది దాని బుద్ధి. ట్యాంకు నిండగానే టక్కుమని దానంతటదే ఆగిపోతుంది. ఒకవేళ ఆగడం మరిచిపోయినా, నెత్తిన ఒక చిన్న వాల్వు ఉంటుంది, అది బుస్సుమని ఎక్కువైన గాలిని బయటికి వదిలేస్తుంది. ఆమె దాన్ని చూపించి మొగుణ్ణి దెప్పిపొడిచేది. "నీకంటే ఇది నయమయ్యా. ఎప్పుడు ఆపాలో దానికి తెలుసు."

ఆ దెప్పిపొడుపు సిగరెట్ల గురించి. ఒకటి ఆరకముందే ఇంకొకటి ముట్టించేవాడు. అది చాలదన్నట్టు అతుకులు కాల్చేటప్పుడు వచ్చే పొగ, చలి పొద్దుల్లో పాత టైరు ముక్కలు మంటేసి కాచుకునే పొగ. ఇన్ని పొగలు మింగిన మనిషి దగ్గకుండా ఎలా ఉంటాడు? పొద్దున్నే ఆయన దగ్గు విని డిపోలో మొదటి బస్సు తీసేవాళ్లని చెప్పుకునేవారు. మెట్లెక్కితే ఆయాసం. రెంచీ బిగిస్తే ఆయాసం. ఆసుపత్రికి పద అంటే "దగ్గుకి కూడా ఆసుపత్రేంటే" అని కసిరేవాడు. ఊళ్లో అందరి టైర్లకీ గాలి చూసిన మనిషి, తన గాలి సంగతి మాత్రం గాలికొదిలేశాడు.

ఒక మధ్యాహ్నం లారీ చక్రం విప్పుతూ, "కాస్త నీళ్లు తేవే" అన్నాడు. ఆమె చెంబుతో వచ్చేసరికి నేల మీద పడున్నాడు. చేతిలో రెంచీ ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, చూపు లేదు. అప్పుడే తిన్న అన్నం కొంత నోట్లోంచి బయటికొచ్చింది. లారీ డ్రైవరు అంబులెన్సుకి ఫోను చేసి, ఫోనుని ఆమె పక్కన నేల మీద పెట్టాడు. ఫోనులో ఎవరో ఆడమనిషి గొంతు, నిదానంగా, గట్టిగా.

"ఊపిరి ఆడుతోందా అమ్మా?"

"లేదు. ఆడట్లేదు."

"అయితే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కండి. గట్టిగా, వేగంగా. మోచేతులు వంచకండి. బరువంతా కిందికి దిగాలి."

ఆ మాటలు ఆమెకి తెలిసిన మాటలే. మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. పంపు కొట్టిన లయ ఒంట్లో ఇంకా ఉంది. కొట్టగా కొట్టగా చేతుల కింద ఏదో పటుక్కుమంది. ఆ చప్పుడు ఆమె చెవులకంటే ముందు అరచేతులకి తెలిసింది.

"ఏవో విరిగాయమ్మా! ఎముకలు విరిగిపోయాయి!" అని ఏడ్చింది.

"విరిగితే విరిగాయి, ఆపొద్దు. ఆపితే పోతారు" అంది ఫోను.

ఆమె ఆపలేదు. అంబులెన్సు వాళ్లొచ్చి భుజం పట్టుకుని లాగేదాకా ఆపలేదు. వాళ్లు కరెంటు పెట్టి ఆ గుండెని మళ్లీ దారిలోకి తెచ్చారు. బండి ఎక్కిస్తూ అందులో ఒకతను, "మీరు నొక్కకపోయుంటే మేమొచ్చి చేసేదేమీ ఉండేది కాదమ్మా" అన్నాడు. డిపో అంతా ఆ మాట మోసుకెళ్లింది. పంపమ్మ మొగుడికే గాలి కొట్టి లేపిందని చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ఆమెని చూసి దారిన పోయేవాళ్లు దండం పెట్టారంటే అబద్ధం కాదు.

గుండె లేచింది. మిగతాది లేవడానికే సమయం పట్టింది. పడిపోయినప్పుడు నోట్లోకొచ్చిన అన్నం కొంత ఊపిరితిత్తుల్లోకి జారిందని, అక్కడ న్యుమోనియా పట్టిందని ఆసుపత్రిలో చెప్పారు. గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరి పోశారు. విరిగిన పక్కటెముకల వల్ల దగ్గలేడు, దగ్గకపోతే కఫం రాదు, కఫం రాకపోతే ఊపిరి ఆడదు. అసలే ఏళ్ల తరబడి పొగచూరిన ఊపిరితిత్తులు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. చివరికి ఇంటికి పంపేటప్పుడు మనిషితోపాటు ఒక ఆక్సిజన్ మిషను కూడా వెంట వచ్చింది.

పంపేముందు పెద్ద డాక్టరు ఆమెని కూర్చోబెట్టి చెప్పాడు. మంచివాడే. ఓపిగ్గానే చెప్పాడు.

"ఆక్సిజన్ కూడా మందు లాంటిదేనమ్మా. మోతాదు దాటకూడదు. మిషను మీట తిప్పితే గాజు గొట్టంలో చిన్న గోళీ లేస్తుంది, అది రెండు అని ఉన్న గీత దగ్గరే తేలాలి. వేలికి పెట్టే క్లిప్పులో తొంభై దగ్గర కనిపిస్తే ఈయనకి చాలు. మనలాగా తొంభై ఎనిమిది రావాలని చూడకండి. గాలి లోపలికి పోవడం ఒక్కటే కాదు, వాడేసిన గాలి బయటికి రావాలి. ఈయనకి అక్కడే ఇబ్బంది. ఎక్కువ పెట్టారనుకోండి, నిద్రలోకి జారిపోతారు."

అంతలో డాక్టరు ఫోను మోగింది. ఆమె తల ఊపి లేచి వచ్చేసింది.

ఆసుపత్రుల్లో చావు మాట ఎవరూ నేరుగా అనరు. ఎదుటివాళ్లు బెదిరిపోతారని మెత్తగా చుట్టి చెబుతారు. ఆ మంచితనం ఎన్ని కొంపలు ముంచిందో లెక్క తీసేవాళ్లు లేరు. చచ్చిపోతాడని ఆ ఒక్క మాటా మొహం మీద అని ఉంటే పంపమ్మ జన్మలో మరిచిపోయేది కాదు. డాక్టరు నిద్ర అన్నాడు. ఆమె నిద్ర అనే విన్నది.

మిషను బిగించడానికి వచ్చిన కుర్రమెకానిక్కుతో మేస్త్రి మొదటిరోజే తగాదా పెట్టుకున్నాడు. మిషనుకి తగిలించిన నీళ్ల సీసాలోంచి గాలి బుడబుడమంటూ వస్తోంది.

"లీకవుతోంది" అన్నాడు మేస్త్రి, ముక్కుకి గొట్టం ఉండగానే.

"లీకు కాదండీ, అది అలాగే రావాలి. గాలి తడవడానికి."

"బుడగలొస్తే చిల్లున్నట్టేనయ్యా. నాకు చెప్తావా? నా జన్మంతా బుడగలే చూశాను."

మెకానిక్కు నవ్వు ఆపుకోలేకపోయాడు. పంపమ్మ కూడా నవ్వింది. మేస్త్రి నవ్వబోయి పక్కటెముకలు పట్టుకుని ఆగిపోయాడు. ఆ ఇంట్లో ముగ్గురు కలిసి నవ్వింది అదే ఆఖరు.

తర్వాత నడిచింది సంసారం కాదు, కాపలా. మేస్త్రి పడుకోలేడు. పడుకుంటే ఊపిరాడదు. మంచం మీద దిండ్లు పేర్చుకుని, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చునేవాడు. అలాగే కునుకు, అలాగే మెలకువ. గొట్టం పొడవెంతో ఆయన లోకం అంత. మరుగుదొడ్డిదాకా వస్తుంది, కొట్టు తలుపుదాకా రాదు. తలుపు తెరిచి ఉంచితే మంచం మీద నుంచి పందిరి కింద టైర్లు కనిపిస్తాయి. పంపమ్మ ఒక్కతే కొట్టు నడుపుతోంది. ఆమె అతుకు వేస్తుంటే ఆయన లోపల్నుంచి తప్పులు పట్టేవాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ తిట్టేవాడు. తిట్టు సగంలో ఆయాసం వచ్చి ఆగిపోతే, మిగతా సగం ఆమే పూర్తి చేసేది. "అర్థమైందిలే, నా చేతులు విరగ. అంతేగా?"

ఆసుపత్రిలో ఊపిరి కసరత్తు నేర్పారు. ముక్కుతో పీల్చి, ఈల వేసేవాడిలా పెదాలు ముడిచి, మెల్లగా వదలాలి. పీల్చినదానికంటే వదలడానికి ఎక్కువసేపు పట్టాలి. ఆమె ఎదురుగా కూర్చుని చేసి చూపించేది. "వదలవయ్యా. నిదానంగా. ట్యూబులో గాలి తీసినట్టు." మనసు బాగున్నప్పుడు చేసేవాడు. అప్పుడు మొహంలో కాస్త నెమ్మది కనిపించేది. మనసు బాగుండటం రానురాను తక్కువైంది.

అన్నింటికంటే పెద్ద శనిగ్రహం ఆ వేలి క్లిప్పు. పొద్దునా సాయంత్రం పెట్టుకుని చూసేవాడు. ఎనభై తొమ్మిది. తొంభై. తొంభై ఒకటి. డాక్టరు చెప్పినదాని ప్రకారం అది సరిగ్గానే ఉంది. కానీ నూటికి ఎంతొచ్చిందని చూసే లోకం మనది. పరామర్శకొచ్చిన ప్రతివాడూ ఆ క్లిప్పు తన వేలికి పెట్టుకోవడం, "నాకు తొంభై తొమ్మిది" అని మురిసిపోవడం. పరీక్ష రాసినట్టు. ఒక కండక్టరైతే తన చంటిపిల్లాడి వేలికి కూడా పెట్టి చూపించాడు. వాళ్లు వెళ్లాక మేస్త్రి గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

"అందరికీ నిండా ఉంది. నాకే వెలితి" అనేవాడు. "కొంచెం పెంచవే."

"రెండు దాటొద్దన్నాడు డాక్టరు."

"ఇంకొంచెమే."

"వద్దు."

రోజూ అదే వరస. బతిమాలేవాడు, తిట్టేవాడు, ఏడ్చేవాడు. ఊపిరాడక కళ్లు పెద్దవి చేసి చూసే మనిషి పక్కన కూర్చుని, చెయ్యి చాస్తే అందే మీటని తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. పంపమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఒకసారి ఆయన ఛాతీ తడుముకుంటూ, "ఇవి విరగ్గొట్టి మరీ లేపావు. ఎందుకు లేపావే? ఇందుకా?" అన్నాడు. ఆమె కొట్టులోకి వెళ్లి, కంప్రెసరు ఆన్ చేసి, ఆ రొదలో ఏడ్చింది.

అలాంటి రోజుల్లో ఆడపడుచు దిగింది.

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా! మేస్త్రికి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్లి సంబంధాలొస్తే, "వీడు నా వెంటే వస్తాడు, ఇష్టమైతే చేసుకోండి" అని చెప్పిందట. నోరు కత్తి, మనసు వెన్న అంటారే, ఆ రకం. కత్తి ముందు తగులుతుంది, వెన్న తర్వాత ఎప్పుడో. పక్క ఊరి నుంచి బస్సు దిగి గదిలోకి వచ్చింది. వంగిపోయి కూర్చున్న తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏడవలేదు. క్లిప్పు తీసి ఆయన వేలికి పెట్టింది, తర్వాత తన వేలికి పెట్టుకుంది.

"నాకు తొంభై ఎనిమిది. ముసలిదాన్ని. వీడికి ఎనభై తొమ్మిదేంటే?"

"ఈయనకి అంతే ఉండాలంట వదినా. డాక్టరు చెప్పాడు."

"మిషను ఎంతదాకా పోతుంది?"

"ఐదుదాకా."

"పెట్టింది?"

"రెండు."

ఆమె మిషనుని చూసింది, మరదల్ని చూసింది. "ఐదు ఇచ్చే మిషనుని ఇంట్లో పెట్టుకుని, రెండిస్తున్నావా? డాక్టరుకేం, వందమందిలో వీడొకడు. నాకు వీడొక్కడే. గాలికి కూడా పిసినారితనమేంటే? అది ఊరికే వచ్చేదేగా!"

పంపమ్మని జీవితంలో చాలా మాటలన్నారు. గొడ్రాలన్నారు. మొగాడి పని చేస్తుందన్నారు. అవన్నీ దులిపేసుకుంది. ఈ మాట మాత్రం గుచ్చుకుంది. గాలికి పిసినారితనం. ఆ కొట్టులో, ఆ మనిషి పెళ్లానికి, ఆ మాట!

మేస్త్రి తల ఎత్తాడు. ఊపిరి కూడదీసుకుని, మాట మాటకీ ఆగుతూ అన్నాడు.

"ఊరందరికీ... ఊరికే కొట్టానే. నాకు కొట్టడానికి... నీకు చేతులు రావట్లేదా?"

ఆడపడుచు లేచి మీట మీద చెయ్యి వేయబోయింది. పంపమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దొదినా. మిషను సంగతి నీకు తెలియదు. నేను తిప్పుతా."

ఆమె తెలివితక్కువది కాదు. ఆలోచించే తిప్పింది. డాక్టరు చెప్పిందంతా గుర్తు చేసుకుంది. ఎక్కువైతే నిద్రలోకి జారిపోతారన్నాడు. నిద్ర! ఎన్నాళ్లయింది ఈయన నిద్రపోయి! అదేమైనా శాపమా? ఇక మరీ ఎక్కువైతే అంటావా, ఒంట్లో మాత్రం వాల్వు ఉండదా? పనికిమాలిన కంప్రెసరుకే ఉన్న బుద్ధి దేవుడు చేసిన ఒంటికి లేకుండా పోతుందా? నిండితే ఆగుతుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. జీవితమంతా గాలితో బతికిన మనిషికి అంతకంటే న్యాయమైన ఆలోచన ఏమొస్తుంది?

మీట మూడుకి తిప్పింది. ఆయన కళ్లు మూసుకుని పీల్చాడు. "ఇంకొంచెం" అన్నాడు. నాలుగు. "ఇంకొంచెమే." గోళీ పైదాకా వెళ్లి ఐదు దగ్గర నిలిచింది. సీసాలో నీళ్లు మరుగుతున్నట్టు బుడగలు.

క్లిప్పులో అంకెలు ఎక్కుతుంటే ముగ్గురూ కళ్లప్పగించి చూశారు. తొంభై మూడు. తొంభై ఐదు. తొంభై ఏడు! ఆడపడుచు చప్పట్లు కొట్టింది. తమ్ముడి నుదురు ముద్దు పెట్టుకుంది. నీలంగా ఉండే పెదాలకి రంగొచ్చింది, చెంపలు ఎర్రబడ్డాయి, చేతులు వెచ్చబడ్డాయి. మరదలి బుగ్గ నిమిరి, "నా నోటి దురుసు తెలుసుగా, మనసులో పెట్టుకోకు" అని వెన్న కూడా చూపించి, మధ్యాహ్నం బస్సుకి సంతోషంగా వెళ్లిపోయింది.

మేస్త్రి దిండ్లు తీసేయమన్నాడు. వెల్లకిలా పడుకున్నాడు. గుండె ఆగిన నాటి నుంచి ఆయన అలా పడుకోవడం ఆమె చూడలేదు. దుప్పటి కప్పుతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లకి కడుపునిండా గాలి పెట్టావే" అన్నాడు.

తర్వాత నిద్రపోయాడు.

పంపమ్మ కొట్టులోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎంత ఆనందంగా ఉందో చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, చెప్పాలి. లోపల్నుంచి గురక వినిపిస్తుంటే ఆమెకి అది పాటలా ఉంది. హారన్ కొట్టిన వ్యాను డ్రైవర్ని, "మా ఆయన నిద్రపోతున్నాడు, కనపడట్లేదా?" అని కసిరింది. తలుపు మూసి ఉంటే అతనికెలా కనపడుతుందో ఆమెకే తెలియాలి. కంప్రెసరు రొదకి లేస్తాడని దాన్ని ఆన్ చేయలేదు. స్టూలెక్కి అటక మీదున్న పాత పంపు దించి, దుమ్ము దులిపి, వచ్చిన సైకిళ్లకి దాంతోనే కొట్టింది. మోచేతులు వంచకుండా, బరువంతా దింపుతూ. "ఏంటమ్మా మళ్లీ పంపు పట్టావ్?" అని పాలవాడు అడిగితే, నవ్వి, "వయసొస్తోంది కదా, ఒళ్లు వంచుదామని" అంది. సాయంత్రమయ్యేసరికి గురక ఆగింది. ఇంకా గాఢంగా నిద్రపట్టిందనుకుంది.

పొద్దు వాలుతుంటే టీ కలిపి తీసుకెళ్లింది. "లేవయ్యా, రాత్రికి నిద్ర మిగల్చవా?" అంది. లేవలేదు. భుజం తట్టింది, ఊపింది. ఒళ్లు వెచ్చగా ఉంది. మొహం ఎర్రగా, నిగనిగలాడుతూ, పెళ్లినాటి మొహంలా ఉంది. ఊపిరి మాత్రం ఎప్పుడో ఒకసారి, మరిచిపోయి గుర్తొచ్చినట్టు వస్తోంది. వేలికి క్లిప్పు అలాగే ఉంది. తొంభై ఎనిమిది చూపిస్తోంది.

ఆసుపత్రికి చేర్చేసరికి డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మేస్త్రి కనురెప్పలెత్తి చూసి, పాత కాగితాలు తిరగేసి, "ఇంట్లో ఎంతలో పెట్టారమ్మా?" అని అడిగింది.

"ఐదు."

డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ క్షణంలోనే పంపమ్మకి అంతా అర్థమైంది. మిగతాది మాటలు మాత్రమే. ఈయన ఊపిరితిత్తులు వాడేసిన గాలిని పూర్తిగా బయటికి పంపలేవు, ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఆ వాడేసిన గాలి ఇంకా లోపలే పేరుకుంటుంది, రక్తంలో విషమై మెదడుని మత్తులో ముంచేస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది.

"ఎక్కువైతే వదిలేస్తుంది కదమ్మా?" అంది పంపమ్మ.

"ఏది?"

"ఒళ్లు. ఎక్కువైతే బయటికి వదిలేయదా?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. మొహానికి గట్టిగా బిగించే మాస్కు పెట్టి, మిషనుతో ఊపిరిని లోపలికీ బయటికీ నెట్టించారు. పేరుకున్నది బయటికి తీయాలని చాలాసేపు చూశారు. మేస్త్రి కళ్లు తెరవలేదు. మర్నాడు పొద్దున గుండె మళ్లీ ఆగింది. ఈసారి పంపమ్మని బయట నిలబెట్టి, వేరేవాళ్లెవరో నొక్కారు. లేవలేదు.

"అసలే బాగా పాడైపోయిన ఊపిరితిత్తులమ్మా. ఇది కాకపోతే ఇంకోటి వచ్చేది" అంది డాక్టరమ్మ. అది నిజమో ఓదార్పో పంపమ్మ అడగలేదు. మెత్తగా చుట్టి చెప్పే మాటల సంగతి ఆమెకి అప్పటికే తెలిసింది.

అన్నీ అయిపోయాక, ఆడపడుచు ఇంకా ఆ ఇంట్లోనే ఉండగా, మిషను తీసుకెళ్లడానికి ఆ కుర్రమెకానిక్కే వచ్చాడు. నీళ్ల సీసా విప్పబోతూ మీట వైపు చూశాడు. దాన్ని వెనక్కి తిప్పాలని పంపమ్మకి తోచలేదు, తోచినా ముట్టుకునేది కాదేమో.

"ఇదేంటి, ఐదులో ఉంది? ఈయనకి రెండేగా..." అన్నాడు.

మంచం మీద కూర్చున్న ఆడపడుచు తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయి ఉంది. "నేనే పెంచమన్నాను నాయనా. నేను రాకపోతే వాడికి ఆ సుఖం కూడా ఉండేది కాదు. గాలి చాలక గిలగిలా కొట్టుకుంటూ పోవాల్సినవాడు, నా తమ్ముడు, ఆఖరి రోజైనా హాయిగా పీల్చుకుని, పడుకుని నిద్రపోయి మరీ వెళ్లాడు. నాకు మిగిలింది అదొక్కటే." మరదలి వైపు తిరిగింది. "కదే?"

మెకానిక్కు నోరు తెరిచాడు. పంపమ్మ అతనికేసి చూసింది. అతను నోరు మూసుకుని సీసా వైపు వంగాడు.

ఆమె లోపల ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు ఆ మాట అనకపోయుంటే, అని. నన్ను పిసినారి అనకపోయుంటే, అని. అంటే ఎంత బరువు దిగేది! సగం దించుకోవచ్చు. కానీ ఆ సగం పడేది ఎవరి మీద? చంకనేసుకుని పెంచినదాని మీద. మీట తిప్పిన చెయ్యి ఎవరిదో పంపమ్మకి తెలుసు. ఆ చేతులే విరగ్గొట్టి లేపాయి, ఆ చేతులే నిద్రపుచ్చాయి.

"అవునొదినా" అంది. "హాయిగా నిద్రపోయాడు."

మెకానిక్కు సీసాలో నీళ్లు పారబోసి, మిషనుని ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ బుడబుడమన్న మూల బోసిపోయింది. బయట పందిరి కింద ఎవరో సైకిలు గంట కొట్టారు. గాలి కావాలట. పంపమ్మ లేచి వెళ్లి కంప్రెసరు ఆన్ చేసింది. అది దడదడలాడుతూ నిండసాగింది. ఆమె గొట్టం పట్టుకుని గాలి మీటరు ముల్లు వైపు చూస్తూ నిలబడింది. ముల్లు చివరిదాకా వెళ్లగానే కంప్రెసరు టక్కుమని ఆగిపోయింది. ఆ చప్పుడుకి ఆమె చేతిలోంచి గొట్టం జారి కింద పడింది.

"ఏంటే అది? ఏమైంది?" అని లోపల్నుంచి ఆడపడుచు కేకేసింది.

"ఏం లేదొదినా" అంది పంపమ్మ. "నిండింది, ఆగిపోయింది."